పసిబిడ్డ సీటు కొనేముందు కారును కొలవండి

బేబీ సీటు కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ‘ఏది మంచిది?’ అని. ఆ ప్రశ్నకు సరైన జవాబు లేదు. ‘మా కారులో ఏది బిగుతుగా కూర్చుంటుంది?’ అని అడిగితే ఉంది. నలభై వేల సీటు కారులో అటూ ఇటూ ఊగుతూ, పదివేల సీటు కదలకుండా బిగిసిపోతే, బిడ్డను కాపాడేది ఆ పదివేల సీటే. ఎందుకంటే బేబీ సీటు ఒంటరిగా పనిచేసే వస్తువు కాదు. కారు వెనక సీటు వాలు, దాని స్పాంజి, బెల్టు పొడవు, ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య జాగా, ఇవన్నీ దానితో కలిస్తేనే రక్షణ. ఇందులో చాలా భాగం ఇప్పటికే మీ ఇంటి ముందు పార్కు చేసి ఉంది. మిగిలిన భాగాన్ని దానికి తగ్గట్టు వెతుక్కోవాలి.

అసలు బిడ్డను వెనక్కి తిప్పి ఎందుకు కూర్చోబెట్టాలి? గంటకు 50 కిలోమీటర్ల వేగం మన లెక్కలో నింపాది ప్రయాణమే. కానీ అది సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఆ వేగంతో పోతున్న కారు గోడనో, లైట్లు లేకుండా ఆగివున్న లారీనో గుద్దిందనుకోండి. ముందుభాగం ముడుచుకుపోయి, సుమారు 60 సెంటీమీటర్ల దూరంలో కారు పూర్తిగా ఆగుతుంది. ఇదంతా జరగడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. లెక్క కడితే లోపలివాళ్ల మీద పడే బలం, వాళ్ల బరువుకు సగటున 16 రెట్లు. తొమ్మిది కిలోల బిడ్డ ఆ కాస్త సేపట్లో సుమారు 150 కిలోల బరువు తూగుతాడు. ‘ఒళ్లో గట్టిగా పట్టుకుంటాంలే’ అనే అమ్మమ్మ, నాయనమ్మల ప్రేమను శంకించనక్కర్లేదు. 150 కిలోల మూటను చేతులతో ఆపగలవాళ్లు ఎవరూ లేరు, అంతే. పైగా పట్టుకున్న మనిషి బెల్టు పెట్టుకోకపోతే ఆవిడ బరువు కూడా 16 రెట్లయి బిడ్డ మీదే పడుతుంది. తల్లి తన బెల్టునే బిడ్డ మీదుగా వేసుకోవడం కూడా ఇదే కారణంతో ప్రమాదం.

ఇప్పుడు తల సంగతి. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది. పెద్దవాళ్లలో అది ఏడో వంతో, ఎనిమిదో వంతో. ఏడాది బిడ్డ తల రెండున్నర కిలోలకు అటూ ఇటుగా తూగుతుంది. పైన వేసిన లెక్కతో దాన్ని గుణిస్తే 40 కిలోలు. ఇది సగటు మాత్రమే. గుద్దుకున్న గట్టి క్షణంలో ఇంకా ఎక్కువే ఉంటుంది. ఇంత బరువును ఆపాల్సింది బిడ్డ మెడ. ఆ మెడ ఎముక ఇంకా పూర్తిగా ఎముక కాలేదు. పుట్టినప్పుడు మెడలోని చాలా పూసలు మూడేసి ముక్కలుగా ఉంటాయి. వాటిని కలిపి ఉంచేది మెత్తటి మృదులాస్థి. ఆ ముక్కలు అతుక్కుని గట్టిపడేది మూడు నుంచి ఆరేడేళ్ల మధ్య. కండరాలూ లేతవే. పురిటి గాయాల గురించి 1960లో వచ్చిన ఒక వైద్య పత్రం ఈ విషయంలో ఇప్పటికీ ప్రస్తావనకు వస్తూనే ఉంటుంది. పసిబిడ్డ వెన్నెముకను లాగితే రెండు అంగుళాల దాకా సాగినా తెగదట. లోపలున్న వెన్నుపాము మాత్రం పావు అంగుళానికే తెగుతుందట. పైకి ఎముక విరగకుండానే లోపల వెన్నుపాము దెబ్బతినవచ్చన్నమాట.

ముందుకు తిరిగి కూర్చున్న బిడ్డను పట్టీలు భుజాల దగ్గర, తుంటి దగ్గర ఆపుతాయి. తలను ఆపేది ఏదీ లేదు. ఒళ్లు ఆగిపోతుంది, తల ముందుకు పోతుంది, ఆ రెంటి మధ్యా మెడ సాగుతుంది. అదే బిడ్డను వెనక్కి తిప్పితే తల, మెడ, వీపు అన్నీ ఒకేసారి సీటు డొప్పలోకి ఒత్తుకుంటాయి. బలం తగ్గలేదు, వీపు వెడల్పంతా పరుచుకుంది. నూజివీడు మామిడిపండ్లను దూరప్రాంతాలకు పంపేవాళ్లు బుట్ట నిండా వరిగడ్డి పరిచేది ఇందుకే. కుదుపు ఒక్కచోట తగిలితే పండు నలుగుతుంది, చుట్టూ పంచుకుంటే నిలుస్తుంది.

ఈ ఆలోచన కార్లలోకి వచ్చింది రాకెట్ల నుంచి. స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే వైద్యుడు ఉండేవారు. తర్వాత గోథెన్‌బర్గ్‌లోని చామర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. అమెరికా వ్యోమగాములు రాకెట్ ఎగిరేటప్పుడు వీపు ఒరిగేలా, ఒంటికి అచ్చుపోసిన సీట్లలో పడుకోవడం ఆయన టీవీలో చూశారని చెబుతారు. పైకి లేచేటప్పుడు పడే బలాన్ని వీపంతా మోస్తుంది. బిడ్డకూ అలాగే ఎందుకు చేయకూడదని ఆయన చేయించిన నమూనా సీటును 1964లో వోల్వో పీవీ 544 కారులో పరీక్షించారు. 1972 నాటికి వోల్వో అలాంటి సీటును అమ్మడం మొదలుపెట్టింది. అప్పటినుంచి స్వీడన్‌లో పిల్లలు నాలుగేళ్ల దాకా వెనక్కి తిరిగి కూర్చోవడం మామూలు విషయం. అక్కడ మెడ మీద పడే లాగుడు బలానికి ప్రత్యేకంగా హద్దు పెట్టే ‘ప్లస్ టెస్ట్’ అనే పరీక్ష కూడా ఉంది.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. ‘వెనక్కి తిరిగిన సీటు అయిదు రెట్లు భద్రం’ అనే మాట చాలాకాలం అందరి నోటా నలిగింది. దానికి మూలం 2007లో ‘ఇంజరీ ప్రివెన్షన్’ అనే పత్రికలో వచ్చిన పరిశోధన. పదేళ్ల తర్వాత ఆ లెక్కలు మళ్లీ సరిచూస్తే, గణాంకాలను వాడిన తీరులో తప్పు బయటపడింది. పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. 2018లో అదే పత్రికలో వచ్చిన కొత్త విశ్లేషణలోనూ వెనక్కి తిరిగిన పిల్లలకు గాయాలు తక్కువగానే కనిపించాయి. కానీ గాయపడిన పిల్లల సంఖ్యే చిన్నది కావడంతో, ఆ తేడా కాకతాళీయం కాదని గణితం గట్టిగా చెప్పలేకపోయింది. అందువల్ల ‘అయిదు రెట్లు’ అనే మాట ఇక ఎవరూ వాడకూడదు. సలహా మాత్రం మారలేదు. మెడ నిర్మాణం మారలేదు, ప్రయోగశాలలో బొమ్మల మెడ మీద కొలిచిన బలాలు మారలేదు, స్వీడన్ అనుభవం మారలేదు. అమెరికా శిశువైద్యుల అకాడమీ 2011లో ‘రెండేళ్ల దాకా’ అని చెప్పింది. 2018లో ఆ వయసు లెక్క తీసేసి, సీటు తయారీదారు ఇచ్చిన బరువు, ఎత్తు హద్దులు వచ్చేదాకా వెనక్కి తిప్పే ఉంచమంది. ఐక్యరాజ్యసమితి ఆర్129 నిబంధన ప్రకారం బిడ్డను ముందుకు తిప్పాలంటే కనీసం 15 నెలలు నిండాలి.

మన దేశంలో చట్టం ఇంత లోతుకు పోలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194బి సెక్షన్ ప్రకారం, పద్నాలుగేళ్ల లోపు పిల్లలను బెల్టుతోనో, పిల్లల రక్షణ సీటుతోనో కట్టకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. ఆ వెయ్యి రూపాయలు కట్టినవాళ్లు మీకు తెలిసినవాళ్లలో ఎందరున్నారో మీరే చెప్పండి. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడి ఆసుపత్రుల్లో డిశ్చార్జి రోజున నర్సు ముందుగా అడిగేది బేబీ సీటు తెచ్చారా అని. కూతురికో కోడలికో పురుడు పోయడానికి డాలస్‌కో, న్యూజెర్సీకో వెళ్లిన మన అమ్మమ్మలు, నాయనమ్మలు ఆ దృశ్యం చూసి బిత్తరపోతారు. ‘మూడు రోజుల పసిగుడ్డును అలా పట్టీలేసి బంధించేస్తారేమిటర్రా, ఊపిరాడొద్దూ?’ అంటారు. ఆ భయంలో నిజం లేకపోలేదు. దాని సంగతి తర్వాత చూద్దాం.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. అమెరికాలో ఎఫ్ఎంవీఎస్ఎస్ 213, ఐరోపాలో పాత ఆర్44, దాని స్థానంలో వచ్చిన ఆర్129, మన దగ్గర ఏఐఎస్-072. ఈ ప్రమాణాలలో ఏది తీసుకున్నా, సీటును ముందునుంచి గుద్దించి చూసే పరీక్ష 50 కిలోమీటర్ల వేగానికి అటూ ఇటుగానే జరుగుతుంది. చౌక సీటైనా, ఖరీదైన సీటైనా ఆ ప్రమాణం ముద్ర పడాలంటే ఆ పరీక్ష దాటాల్సిందే. కానీ ఆ పరీక్ష జరిగేది ఎవరి కారులోనూ కాదు. ప్రయోగశాలలో పట్టాల మీద దూసుకొచ్చే బల్ల మీద, ఒక నిర్ణీత కొలతలున్న నమూనా సీటుకు కట్టి పరీక్షిస్తారు. ఆ నమూనా సీటు వాలు, దాని బెల్టు ఉన్న చోటు మీ స్విఫ్ట్‌లోనో, మీ కొరోలాలోనో ఉన్నవి కావు. ముద్ర ఉందంటే ఆ సీటు ఆ బల్ల మీద పనిచేసిందని అర్థం. మీ కారులో పనిచేస్తుందో లేదో చూసుకోవాల్సింది మీరే.

మొదటి తగాదా పొడవు దగ్గర వస్తుంది. వెనక్కి తిరిగిన సీటులో బిడ్డ కాళ్లు కారు వెనక సీటు వీపు వైపు, తల ముందు సీటు వైపు ఉంటాయి. పసిబిడ్డ కోసం సీటును బాగా వాల్చాలి. ఎంత వాల్చితే అంత పొడవు తింటుంది. మన దేశంలో నాలుగు మీటర్ల లోపు కార్లకు పన్ను తక్కువ కాబట్టి చిన్న కార్లన్నీ ఆ గీత లోపలే ఒదుగుతాయి. స్విఫ్ట్‌లో ముందు చక్రాల నుంచి వెనక చక్రాల దాకా దూరం 2450 మిల్లీమీటర్లు, ఎర్టిగాలో 2740. ఆ తేడా మీకు ముందు సీటులో మోకాళ్ల దగ్గర తెలుస్తుంది. అయితే ఈ అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. వ్యాగన్ఆర్‌లో అదే దూరం 2435 మాత్రమే. కానీ దాంట్లో మనుషులు నిటారుగా, ఎత్తుగా కూర్చుంటారు కాబట్టి మోకాళ్ల ముందు జాగా మిగులుతుంది. పొట్టి కారైనా ఎత్తు కారు బేబీ సీటుకు ఒక్కోసారి ఎక్కువ అనుకూలం.

అందుకే టేపు పట్టుకుని వెళ్లండి. ముందు సీట్లను మీ ఇంట్లో నడిపేవాళ్లకు కావలసినంత దూరంలో పెట్టి కొలవండి, ఖాళీ కారులో సీటును ముందుకు తోసి కాదు. ఎత్తుగా ఉండే మనిషి కారు నడుపుతుంటే బేబీ సీటును వాళ్ల వెనక పెట్టే ఆలోచన మానుకోవడం మేలు. మన దగ్గర డ్రైవరు కుడివైపు కాబట్టి వెనక ఎడమవైపు సీటు అన్నివిధాలా అనువైనది. ముందు కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు జరగగలరు, బిడ్డను ఎక్కించేది, దించేది రోడ్డు అంచు వైపు నుంచే. అమెరికాలో ఇదే లెక్క కుడివైపుకు మారుతుంది. ముందు సీటు వీపుకు బేబీ సీటు తగలవచ్చా అనే ప్రశ్నకు ఒకే జవాబు లేదు. కొన్ని తయారీ సంస్థలు ఆనించి పెట్టమంటాయి, కొన్ని వేలెడు సందు వదలమంటాయి. కారు పుస్తకం, సీటు పుస్తకం రెండూ తెరిచి చూడటమే దారి.

ముందు సీటు మాట వచ్చింది కాబట్టి దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేస్తాను. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో వెనక్కి తిరిగిన బేబీ సీటును ఎన్నటికీ పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ సెకనులో ఇరవయ్యో వంతులో పేలినట్టు విచ్చుకుంటుంది. బిడ్డ తల వెనకున్న డొప్పను అది నేరుగా కొడుతుంది. 1990లలో అమెరికాలో పసిపిల్లలు ఇలా ప్రాణాలు పోగొట్టుకున్నాకే సన్‌వైజర్ల మీద ఆ హెచ్చరిక బొమ్మలు వచ్చాయి.

పొడవు కన్నా మోసపుచ్చేది వాలు. కారు వెనక సీటు మీద కూర్చుంటే మన తొడలు కాస్త పైకి, నడుము కాస్త కిందికి ఉంటాయి, గమనించే ఉంటారు. సీటు ముందంచు ఎత్తుగా, వెనకంచు పల్లంగా ఉండేలా చేస్తారు. మనకది సుఖం. కానీ దాని మీద వెనక్కి తిరిగిన బేబీ సీటు పెడితే బిడ్డ తల ఉన్న వైపు పైకి లేస్తుంది, సీటు నిటారైపోతుంది. మెడ నిలవని పసిబిడ్డ గడ్డం గుండె మీదికి వాలిపోతుంది. వాళ్ల శ్వాసనాళం మెత్తటిది, సన్ననిది; అలా మడతపడితే గాలి ఆగుతుంది. అమ్మమ్మ భయంలో ఉన్న నిజం ఇదే, అయితే తప్పు పట్టీలది కాదు, వాలుది. అప్పుడే పుట్టిన బిడ్డకు సీటు నిటారు గీత నుంచి సుమారు 45 డిగ్రీలు వాలి ఉండాలి. తల నిలిపే వయసు వచ్చాక 30 డిగ్రీలకు తగ్గించవచ్చు, అప్పుడు జాగా కూడా కలిసొస్తుంది. చాలా సీట్లకు పక్కన నీటి బుడగో, రంగు గీతో ఉంటుంది, మేస్త్రీల రసమట్టం మాదిరి. కారును ఇంటి ముందు ర్యాంపు మీద నిలిపి ఆ బుడగను చూస్తే తప్పు చూపిస్తుంది. చదునైన చోట నిలిపి చూడాలి. ఎంత సర్దినా వాలు చాలకపోతే, సీటు పుస్తకం ఒప్పుకుంటే, కారు సీటు వీపూ అడుగూ కలిసే మూలలో గట్టిగా చుట్టిన తువాలు పెట్టవచ్చు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల విషయంలో అమెరికా ఆసుపత్రులు ఇంకాస్త జాగ్రత్త పడతాయి. 37 వారాల లోపు పుట్టిన బిడ్డను ఇంటికి పంపేముందు, వాళ్ల సొంత బేబీ సీటులోనే గంటన్నర నుంచి రెండు గంటల దాకా కూర్చోబెట్టి రక్తంలో ఆక్సిజన్, గుండె వేగం చూస్తారు. మన దగ్గర కూడా నెలలు నిండని బిడ్డతో కారు ఎక్కేముందు పిల్లల డాక్టరును అడగడం మంచిది. నిండు నెలల బిడ్డయినా సరే, హైదరాబాద్ నుంచి విజయవాడ లాంటి దూరం ఒక్క బిగిన వెళ్లకండి. మధ్యలో ఆగి బిడ్డను ఎత్తుకుని, పాలు పట్టి, మళ్లీ కూర్చోబెట్టండి. ఇల్లు చేరాక నిద్రపోతున్నాడు కదా అని సీటులోనే వదిలేయడం వద్దు.

ఇక సీటును కారుకు కట్టే పద్ధతి. రెండు దారులున్నాయి, బెల్టు లేదా ఐసోఫిక్స్. ఐసోఫిక్స్ అంటే కారు చట్రానికే అతికిన రెండు ఇనుప కడ్డీలు. ఒకదాని నడుమ నుంచి ఇంకోదాని నడుమకు 280 మిల్లీమీటర్లు, ప్రపంచమంతా ఇదే కొలత. వెనక సీటు వీపూ అడుగూ కలిసే సందులో చెయ్యి పెట్టి తడిమితే దొరుకుతాయి. బేబీ సీటు కొక్కేలు వాటిని టక్కున పట్టుకుంటాయి. ఈమధ్య వచ్చిన మన కార్లలో చాలావాటికి వెనక రెండు పక్కలా ఇవి ఉంటున్నాయి. ఉన్నా కనబడకపోవడానికి కారణం మనం వేయించే రెక్సిన్ కవర్లు. షోరూం నుంచి కారు ఇంటికి రాకముందే కవర్లు వేయించేస్తాం, కడ్డీలున్న సందు మూసుకుపోతుంది. ఆ కవరు జారుడు కూడా. బేబీ సీటు కొంటే కవరును ఆ చోట విప్పించండి, లేదా తీసేయండి.

ఐసోఫిక్స్ ఉందంటే ఏ సీటైనా పడుతుందని కాదు. వెనక్కి తిరిగే ఐసోఫిక్స్ సీట్లను పరిమాణం బట్టి ఆర్1, ఆర్2, ఆర్3 అని వర్గాలు చేశారు. ఆర్1 చిన్నది, పసిపిల్లల పిడి బుట్ట సీటు. ఆర్3 నిండుగా పెరిగే పిల్లల పెద్ద సీటు. మీ కారు మాన్యువల్‌లో పిల్లల సీట్ల పేజీ తెరిస్తే, ఏ వర్గం సీటు కారులో ఏ చోట పడుతుందో పట్టిక ఉంటుంది. కారు కొన్నాక డాష్‌బోర్డు డబ్బాలో పెట్టి మరిచిపోయే ఆ పుస్తకంలో, వేల రూపాయల తప్పు కొనుగోలును ఆపే పేజీ అదొక్కటే. మాన్యువల్ లేకపోతే కంపెనీ వెబ్‌సైటులో దొరుకుతుంది.

ఐసోఫిక్స్ సీట్లలో కొన్నింటికి ముందువైపు ఒక కాలు ఉంటుంది, కారు అడుగున ఆనుతుంది. గుద్దుకున్నప్పుడు సీటు ముందుకు దొర్లకుండా ఆపేది అదే. ఆ కాలు కారు నేల మీద గట్టిగా నిలబడాలి. కొన్ని కార్లలో కాలు పెట్టుకునే చోట నేలలో సామాన్ల అర ఉంటుంది. దాని మూత మీద ఆ కాలు ఆనితే, బలం పడ్డప్పుడు మూత కూలిపోవచ్చు. మన కార్లలో ఇంకో చిక్కు మెత్తటి దళసరి మ్యాట్లు. సెవెన్‌డీ మ్యాట్ వేయించామని మురిసిపోతాం గానీ, దాని మీద కాలు ఆనితే స్పాంజి మీద స్తంభం నిలిపినట్టే. ఆ చోట మ్యాట్ తీసేయాలి.

బెల్టుతో కట్టే సీటైతే చూడాల్సింది బెల్టు పొడవు. చేతిపిడి ఉండే పసిపిల్లల సీట్లలో చాలావాటికి బెల్టు డొప్ప వెనక నుంచి చుట్టూ తిరిగి రావాలి. చిన్న కార్లలో వెనక బెల్టు అంత సాగదు, బకిల్ దాకా రాకుండానే ఆగిపోతుంది. ఈ ఒక్క కారణంతో ఇంటికి తెచ్చి వెనక్కి పంపే సీట్లు కొన్ని కావు. బకిల్ పొడవు కూడా ముఖ్యమే. బెల్టు పోయే రంధ్రం అంచు మీదే బకిల్ వచ్చి పడితే అది వంగి, విరిగే ప్రమాదం ఉంది. వెనక సీటు మధ్య చోటు, పక్కనుంచి గుద్దే ప్రమాదాలకు దూరం కాబట్టి మంచిదే. కానీ చాలా కార్లలో మధ్యన ఐసోఫిక్స్ ఉండదు, కొన్ని పాత కార్లలో నడుము బెల్టు మాత్రమే ఉంటుంది, సీటు ఉబ్బెత్తుగా కూడా ఉంటుంది. ఊగే మధ్య సీటు కన్నా బిగుసుకున్న పక్క సీటు మేలు. బిగుతు చూడటానికి బెల్టు పోయే చోటు పట్టుకుని ఊపండి. అక్కడ అంగుళం కన్నా తక్కువ కదిలితే చాలు. చాలామంది బిడ్డ తల ఉన్న పై అంచు పట్టుకుని ఊపి కదులుతోందని కంగారు పడతారు. వెనక్కి తిరిగిన సీటులో పై అంచు కొంత కదలడం సహజం.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు, వాళ్ల బంధువులకు ఒక హెచ్చరిక. అక్కడినుంచి వచ్చేటప్పుడు తమ పిల్లవాడికి చాలని సీటును హైదరాబాద్‌లో చెల్లెలికో, తమ్ముడికో తెచ్చి ఇవ్వడం చూస్తుంటాం. సీటు గట్టిదే కావచ్చు. కానీ అమెరికాలో 1996 మోడల్ నుంచి కారు బెల్టులు, చివరిదాకా లాగి వదిలితేనో, ఇంకో విధంగానో తాళం పడిపోయే పద్ధతిలో ఉండాలనే నిబంధన ఉంది. అక్కడి సీట్లలో చాలావాటిని ఆ తాళం మీద ఆధారపడేలా తయారుచేస్తారు. మన కార్లలో, ఐరోపా కార్లలో మామూలుగా ఉండేది హఠాత్తుగా కుదుపు వస్తేనే బిగిసే బెల్టు. మిగతా సమయమంతా అది వదులే. సీటులోనే బెల్టును పట్టి ఉంచే క్లిప్పు లేకపోతే, ఆ ఖరీదైన సీటు ఇక్కడి కారులో ప్రతి మలుపుకూ జరుగుతుంది. అక్కడి సీట్లకు పట్టీల కొక్కేలుంటాయి కాబట్టి మన ఐసోఫిక్స్ కడ్డీలకు తగిలించవచ్చు. అయితే ఆ కొక్కేలకు బరువు హద్దు ఉంది. సీటుకు మన ఏఐఎస్ ముద్ర ఉండదనేది ఇంకో సంగతి. తెచ్చేముందు సీటు కింద అంటించిన కాగితం మీద గడువు తేదీ కూడా చూడండి. ఆరు నుంచి పదేళ్ల తర్వాత వాడొద్దని తయారీదారులే రాస్తారు. ఒకసారి ప్రమాదంలో ఉన్న సీటును, పైకి బాగానే కనబడినా, ఇంకొకరికి ఇవ్వకూడదు. ఎవరి దగ్గరినుంచి వచ్చిందో తెలియని పాత సీటును తీసుకోనూ కూడదు.

మన మార్కెట్‌లో ‘పుట్టినప్పటి నుంచి పన్నెండేళ్ల దాకా’ అని అమ్మే సీట్లున్నాయి. వాటిని చూస్తే ఒకే అంకె అడగండి: వెనక్కి తిరిగి ఎన్ని కిలోల దాకా? పాత ఆర్44 లెక్కలో పసిపిల్లల వర్గం 13 కిలోల దగ్గర ఆగుతుంది. కొన్ని సీట్లు 18 కిలోల దాకా వెనక్కి తిరిగి ఉంటాయి. పన్నెండేళ్ల మాట వదిలేయండి, మీ బిడ్డ మెడకు కావలసింది ఈ అంకె. మీ కారును గ్లోబల్ ఎన్‌క్యాప్ గానీ, 2023లో మొదలైన మన భారత్ ఎన్‌క్యాప్ గానీ పరీక్షించి ఉంటే ఇంకో దారి ఉంది. భారత్ ఎన్‌క్యాప్‌లో పిల్లల రక్షణకు ఇచ్చే 49 మార్కుల్లో 12 మార్కులు బేబీ సీట్లు కారులో ఎంత బాగా బిగుస్తాయనే దానికే. పిల్లల రక్షణకు ఎన్ని నక్షత్రాలొచ్చాయో విడిగా చూడండి, పెద్దవాళ్ల నక్షత్రాలు చూసి సరిపెట్టుకోకండి. గ్లోబల్ ఎన్‌క్యాప్ నివేదికల్లో పరీక్షకు వాడిన బేబీ సీటు పేరు కూడా ఇస్తారు. అది మీ కారులో బిగించి చూసిన సీటే కదా, వెతుకులాట అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.

సీటు కుదిరాక పట్టీల సంగతి తొందరగా చెప్పేస్తాను. వెనక్కి తిరిగి కూర్చున్నప్పుడు భుజం పట్టీలు బిడ్డ భుజాల ఎత్తులో, లేదా కాస్త కిందనుంచి రావాలి. భుజం దగ్గర పట్టీని వేళ్లతో మడతపెట్టడానికి దొరక్కూడదు. స్వెట్టరు, దళసరి దుప్పటి పట్టీల కింద వద్దు, చలిగా ఉంటే పట్టీలు బిగించాక పైన కప్పండి. సీటుతో రాని మెత్తలు, దిళ్లు ఏవీ చేర్చవద్దు. ఎండాకాలం బకిల్‌ను ముందు మీ చేత్తో తాకి చూడండి.

‘కాళ్లు ముడుచుకుపోతున్నాయి, పాపం’ అనే మాట పెద్దల నుంచి తప్పకుండా వస్తుంది. పిల్లలు బాసిపట్లు వేసుకుంటారు, కాళ్లు సీటు వీపుకు ఆనించుకుంటారు, వాళ్లకది ఇబ్బంది కాదు. కాలు విరిగితే అతుక్కుంటుంది, వెన్నుపాము అతుక్కోదు. రెండో మాట ఇంకా కష్టమైనది: ‘ఏడుస్తున్నాడమ్మా, కాసేపు తీసి నా ఒళ్లో పెట్టు.’ ఇక్కడ వాదనకు దిగితే ప్రయాణం పాడవుతుంది. కారు పక్కకు ఆపండి, బిడ్డను తీసి ఓదార్చండి, మళ్లీ కట్టండి. కారు కదులుతున్నంతసేపూ సీటులోనే అనే నియమం ఇంట్లో అందరికీ ఒకటే కావాలి, అత్తగారికైనా, తాతగారికైనా. పెద్దావిడ బిడ్డ పక్కన వెనక సీటులో, తన బెల్టు తను పెట్టుకుని కూర్చుంటే ఈ గొడవ సగం తీరుతుంది.

మన ఇళ్లలో చాలామంది బిడ్డ పుట్టకముందు ఏదీ కొనకూడదంటారు. ఆ పట్టింపును గౌరవించే ఇల్లయితే కొనకండి, కానీ కారును కొలవడానికి ఏ అడ్డూ లేదు. ఏడో నెలలోనే మాన్యువల్ పట్టిక చూడండి, ఐసోఫిక్స్ కడ్డీలు వెతకండి, షాపుకు కారేసుకుని వెళ్లి నచ్చిన రెండు సీట్లు బిగించి చూడండి. బిగించి చూడనివ్వని షాపులో కొనకండి. ఆన్‌లైన్‌లో అయితే తిరిగి పంపే గడువు ఉన్నవాళ్ల దగ్గరే కొనండి, అట్టపెట్టె పారేయకండి. ఏ సీటో తేల్చుకుని ఉంటే, ప్రసవమయ్యాక బాబాయో, మేనమామో వెళ్లి ఒక్క పూటలో తెచ్చి బిగించవచ్చు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే దారి ఎంత దగ్గరైనా, అది కూడా కారు ప్రయాణమే.